ధైర్య ధ్రువపత్రం

జీడివలస ప్రభుత్వాసుపత్రిలో స్కానింగు గది తవిటినాయుడిది. కాగితాల ప్రకారం అది ప్రభుత్వానిదే. కానీ ఇరవై రెండేళ్లుగా దాని తాళంచెవి అతని మొలతాడుకే వేలాడుతోంది గనక ఊళ్లో అందరూ "తవిటినాయుడి గది" అనే అనేవారు. మొదట్లో అందులో ఎక్స్‌రే పెట్టె ఉండేది, తర్వాత సీటీ స్కాన్ యంత్రం వచ్చింది. ఏది వచ్చినా అతని పని ఒకటే. మనిషిని పడుకోబెట్టడం, ఊపిరి బిగబట్టమనడం, బొమ్మ తీయడం, లేపి పంపించడం.

ఆ ఏడు ఊపిరి జ్వరం వచ్చింది. మూడు రోజులు ఒళ్లు కాలేది, నాలుగో రోజు దగ్గు పట్టుకునేది, వారం తిరిగేసరికి ఊపిరితిత్తుల్లో తెల్లటి మచ్చలు లేచేవి. మచ్చల్ని మొదట్లోనే కనిపెడితే మందుకి లొంగేవి. ఆలస్యమైతే దేనికీ లొంగేవి కావు. కనిపెట్టేది స్కాను. జిల్లా అంతటికీ ఉన్న స్కాను ఒక్కటే, తవిటినాయుడి గదిలోది.

జనానికి ఆ యంత్రమంటే భయంగానే ఉండేది. అది రక్తం పీల్చేస్తుందని కొందరు, అందులోకి వెళ్లినవాళ్ల పేరు రాసుకుని ఎటో పట్టుకుపోతారని కొందరు. తవిటినాయుడు ఎవరితోనూ వాదించేవాడు కాదు. "గారె తింటావు కదమ్మా? ఇది పెద్ద గారె. మద్దిన సిల్లు ఉంది, సూడు. ఆ సిల్లులోంచి నిన్నిటు నుంచి అటు తోస్తాను. పదంకెలు లెక్కెట్టు, అయిపోద్ది. నాను ఆ అద్దం అవతలే ఉంటాను, భయపడకు," అనేవాడు. గారె అనగానే ఎంతటి ముసలమ్మకైనా నవ్వొచ్చేది. నవ్వుతూ పడుకునేది. రోజుకి అరవైమందికి తీసేవాడు.

ఇలా నడుస్తుండగా ఒక రిటైర్డు డ్రిల్లు మాస్టారు, బల్ల కదలగానే ఉలిక్కిపడి లేచి, ఆసుపత్రి వాళ్లిచ్చిన ఆకుపచ్చ గౌనుతోనే బస్టాండు దాకా పరుగెత్తాడు. గౌనుకి వెనకాల ముడులు ఊడిపోయి ఉన్నాయి. ఆ పరుగుని ఎవరో సెల్‌ఫోనులో తీశారు. సాయంత్రానికి రాష్ట్రమంతా చూసింది. మర్నాడు రాజధానిలో అత్యవసర సమావేశం పెట్టి, జ్వరం సంగతి పది నిమిషాలూ పరుగు సంగతి మూడు గంటలూ చర్చించారు. చివరికి రోగుల్లో భయాన్ని సమూలంగా నిర్మూలించాలని తీర్మానించి, అందుకో ప్రత్యేకాధికారిని జీడివలస పంపించారు.

ఆయన పేరు సర్వోత్తమరావు. అంతకుముందు పట్టుపురుగుల శాఖలో ఉండేవాడు. నున్నటి మనిషి, నున్నటి మాట. వచ్చీ రాగానే స్కానింగు గదికి వెళ్లి తవిటినాయుణ్ని నిలబెట్టి అడిగాడు.

"రోగి మనోస్థైర్య పరిరక్షణ నిమిత్తం తమరు ప్రస్తుతం అవలంబిస్తున్న విధానమేమి?"

తవిటినాయుడికి ప్రశ్న అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. "మాట్లాడతానండి," అన్నాడు.

"ఏమని?"

"గారె అనండి... భయపడకు అనండి..."

సర్వోత్తమరావు కళ్లు మూసుకున్నాడు. నొప్పి భరిస్తున్నవాడిలా ఉంది ఆయన ముఖం. "గారె అనునది ఆహార పదార్థం. పరగడుపున ఉన్న రోగి ఎదుట ఆహార ప్రస్తావన అమానుషం. ఇక 'భయపడకు' అన్న వాక్యంలో మొదటి మాట ఏమిటి?"

"భయం అండి."

"ఆసుపత్రిలో భయాన్ని ప్రవేశపెడుతున్నది తమరే అన్నమాట!"

ఆ సాయంత్రమే ఉత్తర్వు వెలువడింది. ఆసుపత్రి ఆవరణలో 'భయం' అన్న మాటను ఎవరూ, ఏ సందర్భంలోనూ పలకరాదు. తప్పనిసరైనచో 'ధైర్య లోపం' అని వాడుకోవలెను. స్కానింగు గది పేరు కూడా రోగుల్ని కలవరపెడుతోంది గనక మార్చవలెను. ముగ్గురు సభ్యుల ఉపసంఘం రెండు రోజులు కూర్చుని 'అభయ ద్వారం' అని పేరు పెట్టింది. సాలూరు నుంచి పెయింటర్ని రప్పించి తలుపు మీద పసుపు రంగు అక్షరాలు రాయించారు. చుట్టూ తామరపువ్వులు కూడా వేయించారు. ప్రారంభోత్సవంలో రిబ్బను కత్తిరించబోతుండగా సర్వోత్తమరావు కత్తెర ఆపి బోర్డు వంక చూశాడు.

"ఇందులో భయం ఉంది," అన్నాడు.

నిజమే, అ తర్వాత భ, య ఉన్నాయి. పెయింటర్ మళ్లీ నిచ్చెనెక్కి ఆ రెండక్షరాలూ చెరిపేశాడు. మిగిలింది 'అ ద్వారం'. మధ్యలో ఖాళీ బాగోలేదని రెండింటినీ దగ్గరకు జరిపి 'అద్వారం' అని రాశాడు. అంటే ద్వారం లేనిదని అర్థం వస్తుందని ఛాతీ వార్డు డాక్టరు హైమవతి మెల్లిగా చెప్పబోయింది. సూపరింటెండెంటు గారు ఆమె కాలు తొక్కారు.

తర్వాతి వారం ధైర్య సూచి వచ్చింది. చిన్న పెట్టె, దానికో తీగ, తీగ చివర బట్టలకి పెట్టుకునే క్లిప్పు లాంటిది. దాన్ని రోగి వేలికి తగిలిస్తే నాడి ఎంత వేగంగా కొట్టుకుంటోందో, ఊపిరి నిమిషానికి ఎన్నిసార్లు పీలుస్తున్నాడో లెక్కగట్టి, ఆ మనిషికి ధైర్యం నూటికెంత ఉందో అంకె చూపిస్తుంది. సర్వోత్తమరావు సిబ్బందినందర్నీ కూర్చోబెట్టి వివరించాడు.

"భయ... ధైర్య లోపం గల మనిషికి నాడి వేగిరపడును. ఊపిరి వేగిరపడును. ఇది శాస్త్రం. కావున డెబ్బై శాతం ధైర్యం కలవారికి మాత్రమే ధైర్య ధ్రువపత్రం జారీ చేయబడును. ధ్రువపత్రం లేనివారిని అద్వారంలోనికి అనుమతించరాదు."

డాక్టరు హైమవతి లేచి నిలబడింది. "సార్, ఊపిరి జ్వరం వచ్చినవాళ్లకి జబ్బు వల్లే నాడి వేగం పెరుగుతుంది. ఊపిరందకే ఆయాసపడతారు. ఈ పెట్టె పెడితే జబ్బు ఎంత ముదిరితే ధైర్యం అంత తక్కువ చూపిస్తుంది."

"చక్కగా చెప్పారు," అన్నాడు సర్వోత్తమరావు. "అట్టివారే కదా అత్యంత ధైర్య లోపంతో బాధపడుతున్నది! వారికే మన సేవలు ఎక్కువ అవసరం."

అందరూ చప్పట్లు కొట్టారు. తవిటినాయుడు కూడా కొట్టాడు. పక్కవాళ్లు కొడుతుంటే చేతులు ఊరుకోవు.

ధ్రువపత్రం రానివాళ్ల కోసం పాత బట్టల స్టోరుగదిని ధైర్య వృద్ధి కేంద్రంగా మార్చారు. కిటికీలు లేవు. గోడలకి గులాబీ రంగు వేసి, నలభై కుర్చీలు వేసి, ముందర టీవీ పెట్టారు. టీవీలో సర్వోత్తమరావు కనిపించి నలభై నిమిషాల పాటు ధైర్యం గురించి చెప్పేవాడు. వెనకాల వేణువు వినిపించేది. మధ్యమధ్య ఒక బొమ్మ సింహం వచ్చి తోకాడించేది. అది చూశాక రోగికి మళ్లీ క్లిప్పు పెట్టేవారు. గాలాడని గదిలో నలభై నిమిషాలు కూర్చున్నాక ఆయాసం ఇంకా పెరిగి, ముప్ఫై ఉన్న ధైర్యం ఇరవైకి దిగేది. "ఇంకోసారి చూడాలి బాబూ," అని లోపలికి పంపించేవారు.

మొదటి రోజు తవిటినాయుడి గదికి ఎవరూ రాలేదు. రెండో రోజూ రాలేదు. యంత్రానికి గుడ్డ కప్పి కుర్చీలో కూర్చున్నాడు. మూడో రోజు సూపరింటెండెంటు గారు పరుగున వచ్చారు.

"ఏటయ్యా తవిటినాయుడూ, రోజుకి యాభై స్కానులు తియ్యాలని లక్ష్యం ఉంది. సున్నా అని పంపితే నా ఉద్యోగం ఉంటుందా?"

"మనుషుల్ని పంపండి, తీస్తాను."

"ధ్రువపత్రం ఉన్నవాళ్లు ఒక్కరూ లేరు!"

"అయితే మరి ధైర్యమున్నోళ్లని ఎతకాలండి," అన్నాడు తవిటినాయుడు. వెటకారానికే అన్నాడు. సూపరింటెండెంటు గారికి వెటకారం వినిపించే చెవి లేదు. "భేషైన ఆలోచన!" అంటూ వెళ్లిపోయారు.

ఆ మధ్యాహ్నం జిల్లా కబడ్డీ జట్టు వచ్చింది. అందరికీ ధైర్యం తొంభై పైనే. వరసగా పడుకున్నారు, లేచారు, కండలు చూసుకుంటూ పోయారు. మర్నాడు పోలీసు శిక్షణ కేంద్రం నుంచి రెండు బస్సులు వచ్చాయి. ఆ మర్నాడు మార్కెట్ యార్డు హమాలీలు. తర్వాత, పెళ్లికి పోతూ ఆసుపత్రి ముందు టీ కోసం ఆగిన లారీలోని మేళగాళ్లు. సన్నాయి ఊదేవాడికి నూటికి నూరు వచ్చింది, అంత తీరిగ్గా ఊపిరి పీల్చేవాణ్ని ఆ పెట్టె అంతవరకూ చూడలేదు. అతనికి శాలువా కప్పి ఫోటో తీశారు.

తవిటినాయుడికి పొద్దు మొలిచింది మొదలు పొద్దు గూకే దాకా మంచి ఊపిరితిత్తులే కనిపించాయి. మచ్చ లేదు, మరక లేదు, నల్లగా నిగనిగలాడే ఊపిరితిత్తులు. ఏడొందల మందికి తీశాడు. ఒక్కరికీ జబ్బు లేదు.

ఈ సంగతి రాజధానికి చేరింది. 'ధైర్యంతో జ్వరాన్ని జయించిన జీడివలస' అని పత్రికల్లో వచ్చింది. పరీక్షించిన ఏడొందల మందిలో వ్యాధిగ్రస్తుల సంఖ్య సున్నా. కాబట్టి జ్వరమనేది వట్టి ధైర్య లోపం తప్ప మరోటి కాదని తేలిందని సర్వోత్తమరావు ఒక వ్యాసం రాశాడు. తక్కిన జిల్లాల వాళ్లు చూసి నేర్చుకోవడానికి బస్సులు వేసుకుని వచ్చారు. వాళ్లకీ స్కాను తీశారు.

స్కానింగు గదికీ ధైర్య వృద్ధి కేంద్రానికీ మధ్య ఒక వరండా ఉంది. తవిటినాయుడు టీకి వెళ్లేటప్పుడు అటుగా వెళ్లేవాడు. అక్కడ కుర్చీలో సింహాచలం కనిపించేవాడు. సింహాచలానికి ఆటో ఉంది, ఆసుపత్రి గేటు దగ్గరే స్టాండు. తవిటినాయుడి భార్యని కాన్పుకి తీసుకొచ్చింది అతనే. మొదటి రోజు అతని ధైర్యం నలభై రెండు. రెండో రోజు ముప్ఫై ఒకటి.

"నాకు భయమేటి అన్నా," అన్నాడు సింహాచలం, మాటకీ మాటకీ మధ్య ఆగి గాలి పీల్చుకుంటూ. "ఘాటీ రోడ్డులో... బ్రేకుల్లేని బండి... దించీసినోణ్ని. ఆ పెట్టికి... సెప్పవా?"

తవిటినాయుడు వెళ్లి పెట్టె దగ్గర కూర్చున్న గుమస్తాకి చెప్పాడు. గుమస్తా అంకె చూపించాడు. అంకె ముందు మనిషి మాట ఎప్పుడు చెల్లింది గనక? సింహాచలం మూడో రోజు పంతొమ్మిది. నాలుగో రోజు ఉదయం టీవీలో సింహం తోకాడిస్తుండగా కుర్చీలోంచి పక్కకి ఒరిగిపోయాడు. అంతకుముందు అంకె చూడ్డానికి వేలికి పెట్టిన క్లిప్పు ఇంకా తీయలేదు. పెట్టెలో అంకె మెల్లిగా పెరిగి, నూరు దగ్గర ఆగింది.

మరణ కారణం అన్న చోట 'తీవ్ర ధైర్య లోపం' అని రాశారు. పక్కనే చిన్నక్షరాలతో, 'అంత్యఘడియల్లో సంపూర్ణంగా నయమైనది' అని కూడా రాశారు.

తవిటినాయుడు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. గదికొచ్చి తలుపేసుకున్నాడు. ఆ పూట వచ్చిన కబడ్డీ జట్టు — ఈసారి ఆడవాళ్లది — గంటసేపు బయట నిలబడాల్సి వచ్చింది. లోపల అతనేం చేశాడో ఎవరూ చూడలేదు. బయటకు వచ్చేసరికి అతని కళ్లు ఎర్రగా ఉన్నాయి. అతని చేతిలో ధైర్య ధ్రువపత్రాల మీద సర్వోత్తమరావు జారీచేసిన యాభై మూడు పేజీల ఉత్తర్వు ఉంది. అంతవరకూ దాన్ని పూర్తిగా చదివినవాడు ఆసుపత్రిలో ఒక్కడూ లేడు, రాసినాయనతో సహా.

మర్నాడు దాలమ్మ వచ్చింది.

దాలమ్మ జీడిపిక్కల కార్ఖానాలో పిక్కలు కొట్టే మనిషి. నలభై ఏళ్లుంటాయి. మొగుడు గౌరీసు ఆమెను భుజం మీద మోసుకొచ్చాడు. క్లిప్పు పెడితే మొదట అంకే రాలేదు. ఇరవై ఏళ్ల జీడి రసంతో ఆమె వేళ్లు బొగ్గులా నల్లబడి, లోపల రక్తం ఉందో లేదో కూడా పెట్టెకి తెలియలేదు. కాలి బొటనవేలికి పెట్టారు. పదకొండు వచ్చింది.

"పదకొండా!" అని గుమస్తా నోరు తెరిచాడు. "ఇంత పిరికిదాన్ని నేనెప్పుడూ చూళ్లేదు."

"నోరు ముయ్యి బాబూ," అన్నాడు గౌరీసు. "కార్ఖానాకి నిప్పంటుకున్నప్పుడు లోనికెల్లి పన్నెండుగురు ఆడోళ్లని లాక్కొచ్చింది ఇది. నీకేటి తెల్సు?"

గుమస్తా వాళ్లను సింహం దగ్గరికి పంపాడు. వరండాలో తవిటినాయుడు ఎదురొచ్చాడు. దాలమ్మ పెదాల వంక, గోళ్ల వంక చూశాడు. కొలిమి తిత్తిలా ఎగసిపడుతున్న ఆమె పక్కటెముకల వంక చూశాడు. గౌరీసుని పక్కకి పిలిచాడు.

"రేప్పొద్దున్న ఏడింటికి జనరేటర్ షెడ్డు దగ్గిరికి తీసుకురా. నా గదికి అటేపు ఓ తలుపుంది. యంత్రం దింపినప్పుడు పెట్టింది. దాన్నెవులూ ఎరగరు."

"రేపటి దాకా ఉంటాదా బాబూ ఇది?"

తవిటినాయుడు గడియారం చూశాడు. "రేపు కాదు. ఇప్పుడే పద," అన్నాడు.

అతను చదివిన ఉత్తర్వులో తొమ్మిదో పేరాలో ఇలా ఉంది: 'యంత్రం సక్రమముగా పనిచేయుచున్నదీ లేనిదీ నిర్ధారించుటకు ప్రతిదినము నమూనా వస్తువును స్కాన్ చేసి పరీక్షించవలెను. నమూనాకు ధైర్య ధ్రువపత్రం అవసరము లేదు.' నమూనా అంటే నీళ్లు నింపిన ప్లాస్టిక్ డబ్బా. దాని ఆకారం ఎలా ఉండాలో, అది దగ్గవచ్చో లేదో ఉత్తర్వులో ఎక్కడా లేదు.

దాలమ్మని బల్ల మీద పడుకోబెట్టారు. ఆమె తవిటినాయుడి చొక్కా పట్టుకుంది.

"ఓలి బాబో, అదేటి తిరుగుతాది లోన? నన్ను నలిపీదు కదా?"

"నలపదు. నిన్ను ముట్టుకోను కూడా ముట్టుకోదు. బల్ల జరుగుద్ది, గుయ్యిమంటాది, అంతే. సెయ్యి ఒదులు. ఎంత ఊపిరి నిలిస్తే అంతే నిలుపు. నిలవకపోయినా తప్పు లేదు."

ఆమె చెయ్యి వదిలింది. తొమ్మిది సెకన్లలో అయిపోయింది. తెర మీద ఊపిరితిత్తులు మంచు కురిసినట్టు తెల్లగా వచ్చాయి. నెల రోజుల్లో ఆ గదిలో కనిపించిన మొదటి జబ్బు అది. తవిటినాయుడు రిజిస్టరులో 'నమూనా – ఒకటి' అని రాసి, బొమ్మని హైమవతికి పంపాడు. పది నిమిషాల్లో హైమవతి చెప్పులు చేత్తో పట్టుకుని షెడ్డులోకి పరుగెత్తుకొచ్చింది. అక్కడే దాలమ్మకి ఆక్సిజన్ పెట్టి, సూది మందు వేసి, వార్డులోకి మార్చింది. వార్డు రికార్డులో ఏమి రాసిందని తవిటినాయుడు అడగలేదు. ఆమె కూడా యాభై మూడు పేజీలు అడిగి తీసుకుంది.

ఆ రోజు నుంచి నమూనాలు ఎక్కువయ్యాయి. యంత్రం రోజుకొకసారి పరీక్షిస్తే చాలదని తవిటినాయుడికి తోచింది. రోజుకి పదిసార్లు పరీక్షించాడు, ఇరవైసార్లు పరీక్షించాడు. గౌరీసు షెడ్డు దగ్గరే కాపుండి మనుషుల్ని వరసలో పంపేవాడు. ముందు తలుపు నుంచి ధైర్యవంతులు, వెనక తలుపు నుంచి నమూనాలు. ఎనిమిదో రోజుకి దాలమ్మ మంచం మీద లేచి కూర్చుని, ఆసుపత్రి ఉప్మాలో ఉప్పు లేదని గొడవపెట్టుకుంది. అది విని హైమవతి వరండాలోకి వెళ్లి కాసేపు నవ్వుకుంది.

అయితే రిజిస్టరు నకలు వారం వారం రాజధానికి వెళుతుంది. అక్కడ దాన్ని చదివేవాడంటూ ఒకడున్నాడని ఎవరూ ఊహించలేదు. ఓ సోమవారం తెల్లటి కార్లు ఆరు వచ్చి ఆగాయి. సర్వోత్తమరావుతో పాటు నలుగురు నిపుణులు, వెనకాల సూపరింటెండెంటు గారు గదిలోకి వచ్చారు. తవిటినాయుడు మొలతాడుకున్న తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు, ఎలాగూ అడుగుతారని.

సర్వోత్తమరావు రిజిస్టరు తెరిచాడు. గొంతు గంభీరంగా ఉంది.

"ఈ నెలలో వెయ్యి నూట ఆరుగురు మనుషుల్ని పరీక్షించారు. అందరూ ఆరోగ్యవంతులు. యంత్రాన్ని నూట నలభైసార్లు పరీక్షించారు. నూట ముప్ఫై ఒక్కసారి ఊపిరి జ్వరం కనిపించింది. నిజమేనా?"

"నిజమేనండి," అన్నాడు తవిటినాయుడు.

"అనగా?"

తవిటినాయుడు బల్ల మీది తాళంచెవిని ఆయన వైపు జరిపాడు.

నిపుణుల్లో పెద్దాయన కళ్లజోడు సవరించుకున్నాడు. "ఒకే ఒక నిర్ణయానికి అవకాశం ఉంది. మనుషులు బాగున్నారు. జబ్బు చేసింది యంత్రానికి."

గదిలో ఎవరూ ఊపిరి తీయలేదు. తర్వాత అందరూ ఒక్కసారే రెండడుగులు వెనక్కి వేశారు. ఒకాయన జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు.

"లక్షణాలేమైనా గమనించావా?" అని అడిగాడు పెద్దాయన, గుమ్మం దగ్గర నుంచి.

తవిటినాయుడు వాళ్ల ముఖాల వంక చూశాడు. ఒక్కొక్కరి ముఖమూ చూశాడు. ఎవరూ పరాచికాలాడటం లేదు.

"ట్యూబు ఏడెక్కుతుందండి," అన్నాడు మెల్లిగా.

"జ్వరం!" అన్నాడు సర్వోత్తమరావు.

"పని సేసినప్పుడు గుర్రుమని సప్పుడు సేస్తాదండి."

"దగ్గు, ఆయాసం! రాసుకోండి, రాసుకోండి."

"ఈ మజ్జన గది సల్లగా లేకపోతే ఆగిపోతందండి."

"పాపం," అన్నారు సూపరింటెండెంటు గారు.

అక్కడికక్కడే, కాదు, గేటు బయట నిలబడి, ఉత్తర్వు రాశారు. స్కానింగు యంత్రాన్ని పద్నాలుగు రోజులు క్వారంటైనులో ఉంచవలెను. రోగికి ఆక్సిజన్ ఎట్లో యంత్రానికి విద్యుత్తు అట్లే గనక సరఫరా ఆపరాదు, చల్లదనం తగ్గించరాదు. అత్యంత సన్నిహితంగా మెలిగిన వ్యక్తి తవిటినాయుడు గనక అతణ్ని కూడా యంత్రంతో పాటే అదే గదిలో ఉంచి తాళం వేయవలెను. పద్నాలుగు రోజుల వరకు ఏ అధికారీ వంద గజాల లోపలికి రాకూడదు. ఈ చివరి వాక్యాన్ని ఎవరూ చదివి వినిపించమనకపోయినా సర్వోత్తమరావు రెండుసార్లు బిగ్గరగా చదివాడు.

ముందు తలుపుకి తాళం వేసి, లక్క సీలు కొట్టారు. భవనం నక్షాలో ఆ గదికి ఒక్క తలుపే ఉంది. నక్షాలో లేని దానికి సీలు వేసే అధికారం ఎవరికీ లేదు.

తవిటినాయుడు కాసేపు యంత్రం పక్కన కూర్చున్నాడు. ముందు నవ్వొచ్చింది. తర్వాత సింహాచలం గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది. ఈ మహానుభావులు నెల కిందటే భయపడి ఉంటే ఆ మనిషి ఇవాళ స్టాండులో బీడీ కాల్చుకుంటూ ఉండేవాడు. లేచి వెళ్లి వెనక తలుపు గడియ తీశాడు. షెడ్డులో గౌరీసు ఉన్నాడు, అతని వెనక పదిహేనుమంది ఉన్నారు.

"ఏటి బాబూ, నిన్ను జైల్లో ఎట్టీసారంట?"

"ఎట్టీసారు. ఒకరి తరవాత ఒకర్ని పంపించు. ఇంక ఎవులూ రారు."

ఆ పద్నాలుగు రోజులూ ఆ ఆసుపత్రిలో జరిగినంత పని మునుపెప్పుడూ జరగలేదు. క్లిప్పు లేదు, సింహం లేదు, లక్ష్యం లేదు. తవిటినాయుడు రిజిస్టరులో నమూనా అని రాయడం మానేసి మనుషుల పేర్లు రాశాడు. కురమాన పెంటమ్మ. సవర సోమయ్య. గొర్లె రాంబాయి. భయపడినవాళ్లకి గారె చూపించాడు, దిగులుపడినవాళ్లకి నీళ్లిచ్చాడు, ఏడ్చినవాళ్లని ఏడవనిచ్చి తర్వాత తీశాడు. బొమ్మలు తీగలోంచి హైమవతికి వెళ్లిపోయేవి. ఆమె గోనెపట్టాల మీద కూడా పడకలు వేయించింది. అందరూ బతకలేదు. తొమ్మండుగురు పోయారు. వాళ్ల కాగితాల్లో హైమవతి ఊపిరి జ్వరమని స్పష్టంగా రాసింది. మూడొందల పైచిలుకు మనుషులు నడిచి ఇళ్లకు వెళ్లారు. దాలమ్మ డిశ్చార్జి అయిన రోజు ఇంటికి వెళ్లకుండా షెడ్డులో చీపురు పట్టుకుంది. లైనులో తోసుకునేవాళ్లని ఆ చీపురుతోనే అదుపులో పెట్టింది.

పదిహేనో రోజు ఉదయం బాజాభజంత్రీల చప్పుడు వినిపించింది. తవిటినాయుడు ముందు వైపు కిటికీ కొద్దిగా తీసి చూశాడు. వందగజాల అవతల షామియానా. సర్వోత్తమరావు చేతిలో గులాబీల దండ ఉంది, యంత్రం చట్రానికి సరిపడేంత పెద్దది. నిపుణులు నలుగురూ ఉన్నారు. పెట్టెలో ధైర్య సూచి కూడా ఉంది, కొత్త రకం, రెండు క్లిప్పులది. వాళ్ల వెనక రెండు బస్సుల్లోంచి దిగిన స్కౌట్లు బూట్లు తుడుచుకుంటున్నారు.

సర్వోత్తమరావు మైకు అందుకున్నాడు. "తవిటినాయుడూ! యంత్రం క్వారంటైను విజయవంతంగా పూర్తయినది. నేటి నుంచి రెట్టించిన ధైర్యంతో అద్వారం పునఃప్రారంభమగును. తమరి ఆరోగ్యం ఎట్లున్నది?"

తవిటినాయుడు వెనక్కి తిరిగి చూశాడు. వెనక తలుపు దగ్గర ఇరవై ఏడుమంది ఉన్నారు. మొదట నిల్చున్నావిడ గోడ పట్టుకుని ఉంది. దాలమ్మ ఆమె వీపు నిమురుతోంది. ఇంకో ఐదు నిమిషాల్లో ముందు తలుపు తెరుచుకుంటుంది. అప్పుడు ఆమెకి ఏ పదిహేనో పదహారో వస్తుంది.

అతను జీవితంలో ఎప్పుడూ ఉద్యోగంలో అబద్ధమాడి ఎరగడు. అబద్ధమెలా ఉంటుందో తెలియక కొంచెం ఎక్కువే చేశాడు. కిటికీ ఊచలు రెండు చేతులా పట్టుకుని, ముఖం ఎర్రబడేలా, నరాలు పొంగేలా, ఆసుపత్రి గోడలు మారుమోగేలా దగ్గాడు.

మేళం ఆగిపోయింది. స్కౌట్లు బస్సులెక్కారు. సర్వోత్తమరావు చేతిలోంచి దండ కిందపడింది. మైకు ఇంకా ఆన్‌లోనే ఉండటంతో ఆయన గొంతు గేటు దాటి, రోడ్డు దాటి, కారు తలుపు వేసుకునే దాకా అందరికీ వినబడుతూనే ఉంది. "పొడిగించండి! ఇంకో పద్నాలుగు... కాదు, ఇరవై ఎనిమిది!"

తవిటినాయుడు కిటికీ మూసి, చేతులు సబ్బుతో కడుక్కుని, వెనక గుమ్మం దగ్గరికి వెళ్లి, గోడ పట్టుకున్నావిడకి చెయ్యి అందించాడు.

"రామ్మా," అన్నాడు. "సానా పని ఉంది."